రెండు చందనాలు, ఒక్క సాన

దేవతార్చనలో స్నానం, వస్త్రం, యజ్ఞోపవీతం సమర్పించిన పిమ్మట గంధం సమర్పిస్తాము. షోడశోపచారాలలో మన ఇంటి పసిపిల్లలకు సైతం పరిచయమైన ఉపచారమిది. స్వామి నుదుట దిద్దేది గంధం, పేరంటంలో ముత్తైదువ కంఠానికి అలదేది గంధం, పెళ్ళిపందిట్లో పెద్దలకు పూసేది గంధం. అయితే ఆ గంధం ఏ చెట్టుది, ఆ చెట్టు ఎక్కడ పెరుగుతుంది, ఇప్పుడు ఎలా ఉన్నది అని ప్రశ్నించుకునేవారు అరుదు. నలభై ఏళ్ళకు పైగా సాన మీద గంధం తీసిన నేనూ చాలాకాలం ఆ ప్రశ్న వేసుకోలేదు. ఒక కార్తిక సోమవారం నాడు ఒక భక్తుడు వేయించాడు.

తెల్లవారుజామున అభిషేకానికి వచ్చిన ఆయన కండువాలో చుట్టి తెచ్చిన మూరెడు చెక్కను నా చేతికిచ్చి, "పంతులుగారూ, ఇది మంచి ఖరీదైన చందనం. అభిషేకం అయ్యాక స్వామికి ఈ గంధమే పూయండి" అన్నాడు. చెక్క ఇనుములా బరువుగా ఉన్నది. నీళ్ళు చిలకరించి సాన మీద అరగదీశాను. కుంకుమ కలిపినట్టు ఎర్రని ముద్ద వచ్చింది గాని పరిమళం లేదు. ఆయన ముఖం వాడిపోయింది. "నన్ను మోసం చేశారా స్వామీ?" అని అడిగాడు. "మోసం కాదు నాయనా, ఇది అసలైన ఎర్రచందనమే. దానికి వాసన ఉండదు. ఇంతకూ నీకెక్కడిది?" అన్నాను. "తెలిసినవారు ఇచ్చారు" అని తల దించుకున్నాడు. రసీదు లేదు, అనుమతి పత్రం లేదు. ఆ చెక్కను పక్కన పెట్టి, మా సానమీది మామూలు గంధంతోనే ఆనాటి అర్చన ముగించాను.

ఆ వేళ మండపంలో కూర్చున్నవారిలో అటవీశాఖలో ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి ఒకరున్నారు. తీర్థం తీసుకున్నాక మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఈ రెండు చెట్ల సంగతి ఆయన సావకాశంగా చెప్పారు. తరువాత నేను చదివి తెలుసుకున్నదీ, మా ఆలయ తోటలో స్వయంగా చూసినదీ దానికి జోడించి ఇక్కడ మనవి చేస్తున్నాను.

నిఘంటువు ఎరిగిన భేదం

చందనమనే ఒక్క మాట కింద మన పెద్దలు రెండింటినీ కలిపి చెప్పినా, వాటి భేదాన్ని మరువలేదు. అమరకోశం శ్రీగంధానికి గంధసారం, మలయజం, భద్రశ్రీ అనే పర్యాయపదాలనిచ్చింది. మలయ పర్వతం మీద పుట్టింది కనుక మలయజం, పరిమళమే సారంగా కలది కనుక గంధసారం. ఎర్రచందనాన్ని వేరుగా చెబుతూ రక్తచందనం, రంజనం, కుచందనం అన్నది. రంజనమంటే రంగునిచ్చేది. ఒకదాని పేరులో వాసన, మరొకదాని పేరులో వర్ణం! భావప్రకాశ నిఘంటువు కూడా కర్పూరాది వర్గంలో చందనాన్ని, రక్తచందనాన్ని విడివిడిగానే వర్ణించింది. అంటే మన ప్రాచీనులు ఈ రెండింటినీ గుణాన్ని బట్టి వర్గీకరించారన్నమాట.

అర్చనలోనూ ఆ వివేకం కనిపిస్తుంది. నిత్యపూజకు శ్రీగంధం ప్రధానం. సూర్యునికి, గణపతికి, అమ్మవారికి చేసే కొన్ని ఆరాధనలలో రక్తచందనానికి స్థానమున్నది. ఒకటి లేనప్పుడు మరొకటి వాడటానికి ఇవి ఒకే వస్తువు కావు. రెండింటి ప్రయోజనమూ వేరు, రెండింటి పుట్టుకా వేరు.

వంశాలు వేరు

నేటి వృక్షశాస్త్రం చెట్లను వాటి పువ్వును, కాయను, వంశపారంపర్యాన్ని పరిశీలించి జాతి, ప్రజాతి, కుటుంబం, క్రమం అని మెట్లుమెట్లుగా అమరుస్తుంది. మనం ఒకరిని పరిచయం చేసేటప్పుడు పేరు, ఇంటిపేరు, గోత్రం చెప్పుకోవడం వంటిదే ఇది. శ్రీగంధం పేరు శాంటాలమ్ ఆల్బమ్. స్వీడన్ దేశపు వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఈ పేరు పెట్టాడు. ఎర్రచందనం పేరు టెరోకార్పస్ శాంటాలినస్. దీనికి నామకరణం చేసినవాడు ఆయన కుమారుడు. తండ్రి ఒక చందనానికి, కొడుకు మరొక చందనానికి పేరు పెట్టడం యాదృచ్ఛికమైనా ముచ్చటైన విషయం.

ఇంకొక ముచ్చట కూడా ఉన్నది. శాంటాలమ్ అనే పదానికి మూలం మన చందన శబ్దమే. అది దేశాలు దాటి, భాషలు మారి లాటిన్‌లో ఆ రూపం ధరించింది. ఆల్బమ్ అంటే తెల్లనిది. శాంటాలినస్ అంటే చందనాన్ని పోలినది. టెరోకార్పస్ అంటే రెక్కల కాయ కలది. అంటే ఎర్రచందనం శాస్త్రనామమే "నేను చందనాన్ని పోలినదాన్ని, కాని నా కాయ వేరు" అని తన సంగతి తానే చెప్పుకుంటున్నది.

రెండూ రెండు బీజదళాలు గల పుష్పించే మొక్కలే. బంధుత్వం అంతటితో సరి. ఎర్రచందనం ఫాబేల్స్ క్రమంలోని ఫాబేసీ కుటుంబానికి, అనగా చిక్కుడు కుటుంబానికి చెందినది. మనం పప్పు వండుకునే కంది, ప్రసాదానికి వాడే సెనగ, వీధి చివరి కానుగ, అడవిలోని వేగి దీని చుట్టాలు. శ్రీగంధం శాంటాలేల్స్ క్రమంలోని శాంటాలేసీ కుటుంబానికి చెందినది. మామిడి కొమ్మల మీద పాతుకొని పెరిగే బదనిక ఆ క్రమంలోనిదే. ఒక చందనానికి చుట్టం కంది, మరొక చందనానికి దూరపు చుట్టం బదనిక! మన పూజాపళ్ళెంలో పక్కపక్కన కూర్చున్నా, వృక్షలోకంలో ఈ రెంటి ఇళ్ళూ ఎంతో దూరం.

పువ్వు, కాయ, కాండం

ఎర్రచందనం ఎండాకాలపు చెట్టు. రాళ్ళు తేలిన పొడి కొండవాలుల్లో, ఇతర చెట్లు నిలదొక్కుకోలేని చోట పెరుగుతుంది. ముదిరిన చెట్టు బెరడు మొసలి వీపులా పెచ్చులు పెచ్చులుగా చీలి ఉంటుంది. ఆకు సాధారణంగా మూడు పత్రకాలతో ఉంటుంది. వేసవి ఆరంభంలో పసుపుపచ్చని పూలు గుత్తులుగా పూస్తాయి. కందిపువ్వును చూసినవారు ఆ పువ్వు ఆకారాన్ని సులభంగా ఊహించుకోగలరు. ఆ పూలకు తేనెటీగలు వస్తాయి. కాయ గుండ్రంగా, చుట్టూ పలుచని రెక్కతో ఉండి గాలికి ఎగిరి దూరంగా పడుతుంది. కాండం లోపలి చేవ ముదురు ఎరుపు. శాంటాలిన్ అనే రంగు పదార్థం ఆ ఎరుపునకు కారణం. చేవ ఎంత దట్టమైనదంటే నీటిలో వేస్తే మునుగుతుంది.

శ్రీగంధం చిన్నపాటి చెట్టు, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. పువ్వు చాలా చిన్నది. మొదట గడ్డిరంగులో ఉండి, క్రమంగా ముదురు ఎరుపునకు తిరుగుతుంది. పండు నలుపు కలిసిన ఊదారంగులో నేరేడును తలపిస్తుంది గాని పరిమాణంలో దానికన్నా చిన్నది. పక్షులు ఆ పండు తిని విత్తనాన్ని దూరాలకు చేరుస్తాయి. ఇక పరిమళమంటారా, అది ఆకులో లేదు, బెరడులో లేదు, బయటి తెల్లచెక్కలోనూ లేదు. లోపలి చేవలో, వేళ్ళలో మాత్రమే ఉన్నది. శాంటాలాల్ అనే తైలాంశం దానికి మూలం. చెట్టుకు పది పదిహేనేళ్ళ వయసు వచ్చేదాకా చేవ సరిగా ఏర్పడదు. మంచి గంధానికి ముప్పై ఏళ్ళైనా ఓపిక పట్టాలి.

ఒకదాని విత్తును గాలి మోస్తుంది, ఒకదాని విత్తును పక్షి మోస్తుంది. ఒకదాని సంపద రంగు, ఒకదాని సంపద వాసన. కాని రెండూ తమ సంపదను గుండెలో దాచుకుంటాయి. ఆ గుండె చేవే వాటికి ప్రాణాంతకమైంది.

నేను చేసిన పొరపాటు

ఇక్కడ నా తప్పిదమొకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం మా ఆలయ తోటలో ఒక శ్రీగంధం మొక్క నాటించాను. స్వామివారి గంధానికి పనికివచ్చే చెట్టు కదా అని చుట్టూ గడ్డిపోచ లేకుండా ఏరించి, పాదు కట్టించి, రోజూ ఒక బిందె నీళ్ళు పోయించాను. శుచిగా, ఒంటరిగా నిలబెట్టాను. ఏడాది తిరగకుండానే అది పసుపుబారి ఎండిపోయింది. నా అర్చనలో ఏ లోపం జరిగిందోనని మథనపడ్డాను.

లోపం అర్చనలో లేదు, ఆ శుభ్రతలో ఉన్నది. శ్రీగంధం తన ఆహారాన్ని ఆకులతో తానే వండుకుంటుంది గాని, నీటిని, ఖనిజ లవణాలను చాలామటుకు ఇతర మొక్కల వేళ్ళ నుండి గ్రహిస్తుంది. దాని వేళ్ళు పక్క మొక్కల వేళ్ళను తాకి, చిన్న గుండీల వంటి అవయవాలతో అతుక్కుంటాయి. అందుకే దానిని పాక్షిక పరాన్నజీవి అంటారు. పక్కన తోడు లేనిదే అది బతకజాలదు. కంది, సరుగుడు, కానుగ వంటివి దానికి మంచి తోడు. నేను చుట్టూ ఉన్నవన్నీ పీకించి, దాని నోటికాడి కూడు తీసివేశానన్నమాట.

చందనం పక్కనున్న చెట్లకు కూడా దాని పరిమళం అబ్బుతుందని నీతికథలలో వింటూ ఉంటాము. సత్సంగ మహిమకు అది దృష్టాంతం. వృక్షశాస్త్రం చెప్పేది దానికి రెండో పార్శ్వం. చందనం ఇచ్చేది తరువాత, ముందు పక్కవారి వద్ద పుచ్చుకున్నది. లోకానికంతా సుగంధమిచ్చే మహావృక్షం కూడా బాల్యంలో ఒక కందిమొక్క దయ మీద పెరిగిందని తెలుసుకోవడం మన అహంకారానికి మంచి మందు. ఆ అటవీశాఖ పెద్దమనిషి సలహాపై మళ్ళీ ఒక మొక్క నాటి, పక్కనే కంది విత్తులు చల్లించాను. కాస్త దూరంలో కానుగ ఉండనే ఉన్నది. ఈసారి అది బతికింది.

ప్రమాదపు మెట్లు

ఇక అసలు విషయానికి వద్దాము. ఐయూసీఎన్‌గా ప్రసిద్ధమైన అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం లోకంలోని ప్రాణుల, మొక్కల స్థితిగతులను మదింపు చేసి ఎర్ర జాబితా అనే పట్టికను ప్రకటిస్తుంది. అందులో మెట్లున్నాయి. ఆందోళన అక్కరలేనివి మొదటి మెట్టు. ముప్పునకు చేరువైనవి రెండవది. ముప్పునకు లోనైన దుర్బలమైనవి మూడవది. అంతరించే ప్రమాదంలో ఉన్నవి నాలుగవది. తీవ్ర ప్రమాదంలో ఉన్నవి అయిదవది. ఆపైన అడవిలో అంతరించినవి, చివరకు పూర్తిగా అంతరించినవి. ఎక్కేకొద్దీ నాశనానికి దగ్గరయ్యే సోపానమిది.

శ్రీగంధం మూడవ మెట్టు మీద, దుర్బలమైన వాటిలో ఉన్నది. 1998లో ఆ స్థానం ఇచ్చారు. 2019 నాటి మదింపులోనూ అదే స్థానం. ఎర్రచందనం కథ ఇంత సూటిగా లేదు. 1990ల చివర దానిని నాలుగవ మెట్టు మీద, అంతరించే ప్రమాదంలో ఉన్న వాటిలో చేర్చారు. 2018లో రెండు మెట్లు దించి, ముప్పునకు చేరువైనదని మాత్రమే అన్నారు. కాస్త ఊపిరి పీల్చుకునేలోపే, 2021 మదింపులో మళ్ళీ నాలుగవ మెట్టుకే చేర్చవలసి వచ్చింది. ఆ చెట్టు మూడు తరాల కాలంలో దాని సంఖ్య 50 నుండి 80 శాతం వరకు తగ్గినట్లు అంచనా. అడవిలో మిగిలిన వాటిలోనూ ముదిరిన చెట్లు బహు కొద్ది. సన్నని చెట్లున్నాయి, విత్తనమిచ్చే పెద్దలు లేరు. పెద్దదిక్కు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆ అడవి అలా ఉన్నది.

రెండూ నరికివేతకు గురైనవే గదా, ఒకటి మూడవ మెట్టు మీద, ఒకటి నాలుగవ మెట్టు మీద ఎందుకున్నాయని సందేహం కలగవచ్చు. పుట్టిన చోటు విశాలమా, ఇరుకా అన్నది ఇందులో ఒక పెద్ద కారణం. శ్రీగంధం కర్ణాటక, తమిళనాడు, కేరళలోని మరయూరు, మన రాయలసీమ కొండలు మొదలైన చోట్ల ఉన్నది. సముద్రాల ఆవల ఇండోనేషియా వైపు తిమోర్ దీవిలోనూ ఉన్నది. ఆస్ట్రేలియా ఉత్తర భాగంలో తోటలుగా పెంచుతున్నారు. ఎర్రచందనానికి మాత్రం సహజమైన పుట్టినిల్లు తూర్పు కనుమల దక్షిణ భాగమే. శేషాచలం, వెలికొండ, పాలకొండ, లంకమల, నల్లమల కొండల్లోనూ, వాటి సరిహద్దుల్లోనూ తప్ప లోకంలో మరెక్కడా అది తనంతట తాను పుట్టదు.

పాఠకులు ఒక్క క్షణం ఆలోచించాలి. శేషాచలమంటే ఏడుకొండలవాడు కొలువైన కొండ. అలిపిరి మెట్ల దారిన గోవింద నామస్మరణ చేస్తూ మనం నడిచి వెళ్ళే కొండలే ఈ చెట్టుకు పుట్టినిల్లు. శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 1989లోనూ, శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతం 2010లోనూ ఏర్పడ్డాయి. వేంకటాచలాన్ని భక్తితో చూసే మనకు ఆ చెట్టు పరాయిది ఎలా అవుతుంది? అక్కడ అది లేకుండాపోతే దాని అడవి మరెక్కడా మిగలదు.

ఎర్రని దుంగ వెనుక

పరిమళం లేని ఈ చెక్కకు అంత గిరాకీ ఎందుకు? చైనాలో పూర్వం రాజగృహాల సామగ్రికి ఎర్రని గట్టి చెక్కను ఎంతో గౌరవంగా వాడేవారు. ఆ మోజు నేటికీ తగ్గలేదు. జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీవాద్యానికి మెడభాగం ఈ చెక్కతో చేస్తారు. రంగులకు, ఔషధాలకు వాడకం సరేసరి. దేశం దాటితే ధర పలుకుతుంది కనుక, దొంగ గొడ్డలి కొండెక్కుతున్నది.

ఆ గొడ్డలి చెట్టుతోనే ఆగలేదు. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ అధికారులను దుండగులు చంపివేశారు. 2015 ఏప్రిల్‌లో అదే శేషాచలంలో జరిగిన పోలీసు కాల్పులలో తమిళనాడుకు చెందిన 20 మంది మరణించారు. కాపలా కాసినవారు ఒకవైపు, దుంగల కోసం కూలికి వెళ్ళినవారని చెప్పినవారు మరొకవైపు. రెండు వైపులా తల్లులూ భార్యలూ బిడ్డలూ ఉన్నారు. లాభం మూటగట్టుకునేవాడు మాత్రం ఆ కొండ ఎక్కనైనా ఎక్కడు. ఆనాడు మా సాన మీది ఎర్రని ముద్దను చూసి నా మనసు కలుక్కుమన్నది ఇందుకే. అది ఎవరి చెమటో, ఎవరి నెత్తురో ఎవరు చెప్పగలరు?

అంతర్జాతీయ వాణిజ్యాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో ఎర్రచందనాన్ని 1995లో రెండవ అనుబంధంలో చేర్చారు. అనుమతి పత్రం లేనిదే అది దేశం దాటరాదు. 2004 నుండి మన దేశం నుండి జరిగే ఎర్రచందనం వ్యాపారంపై ఆ సంస్థ ప్రత్యేక సమీక్ష పెట్టింది. 2023 నవంబరులో ఆ సమీక్ష నుండి మన దేశాన్ని తప్పించారు. రైతులు తోటలుగా పెంచిన చెక్కకు సక్రమమైన దారి తెరచుకోవడం ఇందులోని మేలు. తోటలోని చెట్టుకు న్యాయమైన ధర దక్కితే అడవిలోని చెట్టుపై గొడ్డలి కొంతైనా తగ్గుతుందని ఆశ.

రాజవృక్షమైనందుకు

శ్రీగంధం కష్టం మరో విధమైనది. 1792లో టిప్పు సుల్తాను మైసూరు రాజ్యంలో దానిని రాజవృక్షంగా ప్రకటించాడు. తరువాతి ప్రభుత్వాలూ ఆ పద్ధతినే కొనసాగించాయి. ఎవరి పొలంలో మొలిచినా చెట్టు ప్రభుత్వానిదే. ఉద్దేశం రక్షణే కావచ్చు. ఫలితం మాత్రం వేరుగా వచ్చింది. తనది కాని చెట్టుకు కాపలా కాసే భారం, పోతే వచ్చే చిక్కులు తలచుకొని రైతు భయపడ్డాడు. గట్టు మీద గంధం మొలక కనబడితే పీకి పారవేసే రోజులు వచ్చాయి. 2001లో కర్ణాటక, 2002లో తమిళనాడు నియమాలు మార్చి పెంచినవారికి హక్కు కల్పించాకనే రైతులు మళ్ళీ ధైర్యంగా నాటసాగారు. గౌరవం పేరిట దూరం పెడితే చెట్టైనా మనిషైనా అనాథ కావడమే గదా!

దానికి తోడు ఒక తెగులు. 1899లో కొడగు ప్రాంతంలో మొదట గుర్తించారు. ఆకులు చిన్నవై, కొమ్మ మీద ముళ్ళలా నిక్కబొడుచుకుంటాయి. చెట్టు పూత మానివేస్తుంది, కొన్నేళ్ళలో చచ్చిపోతుంది. కంటికి కానరాని సూక్ష్మజీవి దానికి కారణం, పురుగులు దానిని వ్యాపింపజేస్తాయి. అన్నిటికన్నా పెద్ద ముప్పు దొంగతనం. వేళ్ళలో తైలం ఎక్కువ కనుక శ్రీగంధాన్ని మొదలంట పెకలిస్తారు. ఎర్రచందనాన్ని నరికితే మొద్దు నుండి మళ్ళీ చిగురు వేసే అవకాశం కొంతైనా ఉంటుంది. పెకలించిన శ్రీగంధానికి ఆ అవకాశం లేదు.

ద్రవ్యశుద్ధి

సింహాచల క్షేత్రంలో శ్రీ వరాహ లక్ష్మీనృసింహస్వామి ఏడాది పొడవునా చందనంలోనే దర్శనమిస్తాడు. అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపం. ఆ రాత్రితో మొదలుపెట్టి విడతల వారీగా మళ్ళీ చందన సమర్పణ జరుగుతుంది. స్వామికి చందనమంటే అంత ప్రీతి. ఆ ప్రీతిని తరతరాలు కొనసాగించాలంటే చెట్టు ఉండాలి కదా. చెట్టు లేని నాడు మన సంప్రదాయం ఎంత గొప్పదైనా సాన మీద ఏమి అరగదీస్తాము?

పూజకు అంతఃశుద్ధి, బాహ్యశుద్ధితో పాటు ద్రవ్యశుద్ధి కూడా కావాలని పెద్దలు చెబుతారు. ద్రవ్యశుద్ధి అంటే కడిగి తుడిచినది అని మాత్రమే కాదు, న్యాయంగా సంపాదించినది అని. దొంగిలించిన పూలతో చేసిన పూజ పూలతోట యజమానికే ఫలిస్తుందని మన ఇళ్ళలో బామ్మలు చెప్పేవారు. దొంగ దుంగ నుండి తీసిన గంధం ఎవరికి ఫలిస్తుంది? నా సమాధానం ఒకటే. ఆ గంధం స్వామి వక్షస్థలం మీద ఉంచదగినది కాదు. అది ఎంత ఖరీదైనదైనా సరే.

గంధమే దొరకనివాడికి మన సంప్రదాయం దారి చూపింది. లోపించిన ఉపచారానికి బదులుగా అక్షతలు సమర్పించే ఆచారం అందరికీ తెలిసినదే. భగవద్గీత తొమ్మిదవ అధ్యాయంలో భగవానుడు భక్తుని వద్ద కోరింది ఆకు, పువ్వు, పండు, నీరు. అడవిని దోచి తెచ్చిన దుంగను ఆయన ఎన్నడూ అడగలేదు.

గృహస్థులకు మనవి

గంధపు చెక్కగాని, ఎర్రచందనంగాని కొనదలచినవారు అనుమతి గల చోట, రసీదు తీసుకొని కొనండి. "తెలిసినవారు ఇచ్చారు" అన్న మాట రసీదు కాదు. పరిమళం గుప్పుమంటున్నదని ప్రతి పొడినీ శ్రీగంధమని, ఎర్రగా ఉన్నదని ప్రతి ముక్కనూ రక్తచందనమని నమ్మవద్దు. రంగూ వాసనా కలపడం కష్టమైన పని కాదు. ఉన్న చెక్కను వృథా చేయకండి. స్వామి నుదుటికి చిటికెడు గంధం చాలు. మా ఇంట మా తాతగారి నాటి గంధపు చెక్క అరిగి అరిగి బొటనవేలంత అయినది, ఇంకా పరిమళిస్తూనే ఉన్నది. కొలువులో పెట్టే పాత ఎర్రచందనం బొమ్మల జంట ఎవరింటనైనా ఉంటే భద్రపరచి పిల్లలకు వాటి కథ చెప్పండి.

పొలం, దొడ్డి ఉన్నవారు ఈ చెట్లను నాటవచ్చు. అయితే కొట్టేటప్పుడు, తరలించేటప్పుడు అటవీశాఖ అనుమతి అవసరమని గుర్తుంచుకొని, నాటిననాడే వివరాలు నమోదు చేయించుకోవడం మేలు. శ్రీగంధం నాటేవారు పక్కన కందిని మరువకండి. ఎర్రచందనం నాటేవారు నీరు నిలవని నేలను ఎంచుకోండి. రెంటికీ కావలసింది ఓర్పు. నాటినవాడు గంధం తీయడు, మనుమడు తీస్తాడు.

ఆ కార్తిక సోమవారపు భక్తుని సంగతి చెప్పి ముగిస్తాను. అటవీశాఖ పెద్దమనిషిని వెంటబెట్టుకొని వెళ్ళి, ఆయన ఆ చెక్కను సమీపంలోని అటవీ కార్యాలయంలో అప్పగించి వచ్చాడు. భయపడుతూ వెళ్ళానని, తేలికపడి వచ్చానని చెప్పాడు. మరుసటి కార్తికానికి ఖాళీ చేతులతో వచ్చి, "పంతులుగారూ, ఈసారి గంధం తేలేదు" అన్నాడు. తోటలోకి తీసుకెళ్ళి, కందిమొక్కల నడుమ నడుమెత్తు పెరిగిన శ్రీగంధాన్ని చూపి, "ఒక చెంబెడు నీళ్ళు పోయి నాయనా. ఈ ఏటికి నీ గంధ సమర్పణ ఇదే" అన్నాను. ఆయన పోశాడు. పక్కనున్న కందికి కూడా పోశాడు.